ముందు పూచీ, తర్వాతే స్క్రూడ్రైవర్

శ్రోతలకు నమస్కారం.

ఉద్యోగం చేసుకుంటూనే, సాయంత్రాలూ ఆదివారాలూ నలుగురికీ కంప్యూటర్లు అసెంబుల్ చేసి ఇద్దామనుకునేవాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరూ సీటీసీ అంటారు. అక్కడ ఒక పూట తిరిగితే సిస్టమ్‌కి కావలసినవన్నీ దొరుకుతాయి. చెయ్యి తిరిగినవాళ్ళకి వాటిని బిగించడం రెండు గంటల పని. మరి కస్టమర్ మీ దగ్గరికే ఎందుకు రావాలి? రేపు అది ఆగిపోతే ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉన్నారన్న ధీమా కోసం. ఆ ధీమా ఇవ్వగలమనుకుంటేనే ఇందులోకి దిగండి.

వచ్చినవాళ్ళని బడ్జెట్ కంటే ముందు పని అడగండి. మన ఊళ్ళలో ఫోటో స్టూడియోల వాళ్ళు పెళ్ళిళ్ళ సీజన్‌లో రాత్రంతా ఆల్బమ్‌లు డిజైన్ చేస్తారు. ఫోటోషాప్‌లో ఒక్కో షీటూ పెద్ద ఫైలు. వాళ్ళకి కావలసింది దండిగా ర్యామ్, ఎస్ఎస్‌డీ అనే వేగమైన డిస్కు, రంగులు ఉన్నవి ఉన్నట్టు చూపే మానిటర్. ఖరీదైన గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు అంటగడితే ఆ డబ్బు వృథా. ట్యాలీలో లెక్కలు రాసే అకౌంటెంట్‌కైతే అసలు కార్డే అక్కర్లేదు, ఆ డబ్బుతో మంచి యూపీఎస్ పెట్టించండి.

ఇక్కడ ఒక్క అక్షరం చాలా ముఖ్యం. ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ ఉంటే, ఉదాహరణకి 12400ఎఫ్, అందులో తెర మీద బొమ్మ చూపే గ్రాఫిక్స్ భాగం ఉండదు. కాస్త చవకగా వస్తోందని తెచ్చి, కార్డు లేకుండా బిగిస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, తెర మీద మాత్రం ఏమీ రాదు. డీడీఆర్4 రకం ర్యామ్ పెట్టే మదర్‌బోర్డులో డీడీఆర్5 ర్యామ్ కూడా పనికిరాదు, గాటు వేరేచోట ఉంటుంది కనుక దూరదు. ఏది దేనికి సరిపోతుందో కొనకముందే చూసుకోవడం ఈ పనిలో సగం.

ఖర్చు తగ్గించమంటే చాలామంది ముందు ఎస్ఎంపీఎస్ మీద, అంటే భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె మీద, కోత పెడతారు. దయచేసి ఆ పని చేయకండి. మన కరెంటు సంగతి మీకు తెలిసిందే. నాసిరకం ఎస్ఎంపీఎస్ పోతూ పోతూ బోర్డునీ డిస్కునీ కూడా పాడుచేయగలదు. బిగించిన వెంటనే సిస్టమ్ ఇచ్చేయకండి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా నడవనివ్వండి. తర్వాత ప్రాసెసర్‌కి పూర్తి లోడ్ ఇచ్చి వేడి ఎంతదాకా ఎక్కుతోందో చూడండి. మీ ఏసీ గదిలో 70 డిగ్రీలు చూపించిన ప్రాసెసర్, మే నెలలో రేకుల కప్పు కింద నడిచే స్టూడియోలో ఎంత చూపిస్తుందో ఆలోచించి కూలర్ ఎంచుకోండి.

ఇక డబ్బు విషయం. విడిభాగాల మీద మిగిలేది కొద్దే. ఆ కొద్దినీ ధరలో దాచే బదులు, భాగాలన్నీ కస్టమర్ పేరు మీదే బిల్లు చేయించి, మీ కూలి ఇంత అని విడిగా చెప్పి తీసుకోండి. నేను గట్టిగా చెప్పదలచుకున్న సలహా ఇదే. 18 శాతం జీఎస్టీ ఎక్కడ పడిందో వాళ్ళకీ కనిపిస్తుంది, వారంటీ కాగితం వాళ్ళ చేతిలోనే ఉంటుంది. మీకు వచ్చేది సేవల రాబడి మాత్రమే కాబట్టి, అది ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం పడదు. ప్రతి భాగం మీది సీరియల్ నంబరునీ, బిల్లునీ ఫోటో తీసి ఉంచుకోండి. ప్రాసెసర్‌కీ మదర్‌బోర్డుకీ ఎక్కువగా 3 ఏళ్ళ వారంటీ ఉంటుంది. రెండో ఏట బోర్డు పోయి, కస్టమర్‌కి బిల్లు కనబడకపోతే ఆదుకునేది ఆ ఫోటోయే.

అడ్వాన్సు చేతికి రాకుండా ఏదీ కొనకండి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకి ర్యామ్ అమ్మే మైక్రాన్ సంస్థ ఆ వ్యాపారమే మానేస్తున్నట్టు డిసెంబరులో ప్రకటించింది. అందుకే కొటేషన్ కింద ‘ఈ ధర ఈ రోజు వరకే’ అని రాసి ఇవ్వండి. దొంగ విండోస్ వేయమని అడుగుతారు, కుదరదని చెప్పండి. లైసెన్సు ధర కొటేషన్‌లోనే చూపించండి, లేదా ఉచితంగా దొరికే లైనక్స్ వేసి నేర్పించండి.

కొత్త సిస్టమ్ ఆర్డరు వచ్చేదాకా ఆగక్కర్లేదు, పాతవాటితో మొదలుపెట్టండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్‌లో అయితే దాదాపు 8వ తరం నుంచి పై ప్రాసెసర్లు ఉండాలి. మీ వీధిలోనే అంతకంటే పాతవి చాలా ఉంటాయి. ఏది ఎస్ఎస్‌డీ వేసి లైనక్స్‌తో నడపొచ్చో, ఏది మార్చక తప్పదో చూసి చెప్పండి. డిస్కు విప్పే ముందు మాత్రం పిల్లల ఫోటోలూ, లెక్కల ఫైళ్ళూ వేరే డిస్కులోకి కాపీ చేసి, అవి తెరుచుకుంటున్నాయో లేదో వాళ్ళ చేతే తెరిపించి చూడండి.

నమస్కారం.