నేలకు ఎండ తగలాలి

అందరికీ నమస్కారం. రేపు పొద్దున రంపాలు, కత్తెరలు పట్టుకుని కొండవాలు మీదికి వెళ్తున్నాం కదా. "సీతాకోకచిలుకల్ని కాపాడతామంటూ పచ్చటి పొదలు కొట్టేయడమేంటి?" అని కొత్తగా వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ప్రతిసారీ అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

ఇంగ్లండ్‌లో లార్జ్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుక ఉంది. దాని గొంగళిపురుగు మొదటి రెండు మూడు వారాలు థైమ్ అనే చిన్న మొక్క పూలు తింటుంది. తర్వాత నేల మీదికి రాలి, ఒంట్లోంచి తియ్యటి చుక్క ఊరిస్తుంది. ఎర్రచీమ దాన్ని తమ పిల్లే అనుకుని గూటికి మోసుకుపోతుంది. అక్కడ అది దాదాపు పది నెలలు ఆ చీమల పిల్లల్నే తిని పెరుగుతుంది. అయితే ఏ చీమ పడితే ఆ చీమ పనికిరాదు. మిర్మికా సాబులెటి అనే జాతి గూడైతేనే దానికి బతుకు. ఆ చీమకేమో వెచ్చటి నేల కావాలి. గడ్డి కాస్త ఎత్తు పెరిగితే చాలు, ఎండ తగలక నేల చల్లబడుతుంది, చీమ ఉండదు.

ఈ సంగతి అప్పట్లో ఎవరికీ తెలియదు. సీతాకోకచిలుకల్ని పట్టుకుపోయేవాళ్లు రాకుండా ఒకచోట కంచె వేశారు. ఆ కంచె మేసే పశువుల్నీ ఆపేసింది. నాకు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటే బాధేస్తుంది, ఎంత ప్రేమతో వేసి ఉంటారో! 1953లో బ్రిటన్‌కు వచ్చిన మిక్సోమటోసిస్ రోగం గడ్డిని పొట్టిగా మేసే కుందేళ్లను తుడిచిపెట్టేసింది. గడ్డి పెరిగింది, పొదలు కమ్ముకున్నాయి. జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త చీమల రహస్యాన్ని విప్పేసరికి ఆలస్యమైపోయింది. 1979లో ఆ దేశంలో లార్జ్ బ్లూ లేకుండా పోయింది. తర్వాత పొదలు నరికి, పశువుల్ని మళ్లీ మేపి, స్వీడన్ నుంచి ఆ సీతాకోకచిలుకల్ని తెచ్చి వదిలారు. ఇప్పుడక్కడ మళ్లీ ఎగురుతోంది.

అలాగని కనిపించిన ప్రతి పొదనూ కొట్టేయకండి. బ్లాక్‌థార్న్ అనే ముళ్ల పొద లేత కొమ్మ దగ్గరైతే వంగి చూడండి. కొమ్మ చీలే చోట గుండుసూది తలంత తెల్లటి చుక్క ఉంటే అది బ్రౌన్ హెయిర్‌స్ట్రీక్ అనే సీతాకోకచిలుక గుడ్డు. చలికాలమంతా అక్కడే ఉంటుంది. పోయినేడు నేను ఒక కొమ్మకు కత్తెర పెట్టాక చూశాను దాన్ని. చెయ్యి ఆగిపోయింది. భూతద్దం పెడితే దాని మీద సన్నటి గుంటలు, చెక్కినట్టు ఉన్నాయి. ఆ పొద ఇంకా అలాగే ఉంది, రేపు చూపిస్తాను.

కొట్టిన కొమ్మల్ని అక్కడే వదిలేయొద్దు. కుళ్లి నేలకు బలమొస్తే ముతక గడ్డి లేస్తుంది, సన్నపూల మొక్కలు అణగిపోతాయి. మోళ్లు ఎలాగూ చిగురిస్తాయి కాబట్టి వచ్చే చలికాలం కూడా మీరు రావాలి. మార్చిలో పక్షులు గూళ్లు కడతాయి, అందుకని ఫిబ్రవరితో పని ఆపేస్తాం.

గ్లౌజులు మందంగా ఉన్నవే తెచ్చుకోండి. బ్లాక్‌థార్న్ ముల్లు లోపల విరిగితే చెయ్యి బాగా వాస్తుంది. తొమ్మిదింటికి గేటు దగ్గర కలుద్దాం.