బల్ల మీద విశాఖ యుద్ధం: చరిత్ర ఎంత ఉండాలి, సరదా ఎంత ఉండాలి?

[తెర మీద: నీలం గుడ్డ పరిచిన భోజనాల బల్ల, దాని మీద ఆరు చిన్న తెరచాప ఓడలు]

నమస్తే అండీ. వైజాగ్ వెళ్తే ఆర్కే బీచ్‌లో కూర్చుని చూస్తాం కదా, ఆ సముద్రంలోనే 1804 సెప్టెంబర్ 15న ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచ్‌వాళ్లకీ ఫిరంగుల యుద్ధం జరిగింది. ఈ బల్ల మీద ఉన్నది ఆ రోజు పొద్దుటి దృశ్యం, చిన్న ఓడలతో ఆ యుద్ధాన్ని ఆటగా ఆడటానికి పెట్టాం.

ఒక పక్క ఫ్రెంచ్ అడ్మిరల్ లీన్వా. ఆయన చేతిలో 74 ఫిరంగుల ఓడ మారెంగో, దానికి తోడు రెండు ఫ్రిగేట్లు, అంటే దానికంటే చిన్న యుద్ధనౌకలు. ఇంకో పక్క 50 ఫిరంగుల సెంచూరియన్ ఒక్కటే లంగరేసి ఉంది, దాని కాపలాలో రెండు వర్తక ఓడలు. పైగా సెంచూరియన్ బాధ్యత చూస్తున్న జేమ్స్ లిండ్ ఆ సమయానికి ఒడ్డున ఉన్నాడు, యుద్ధం మొదలయ్యాక పడవ ఎక్కి ఓడకి చేరుకున్నాడు. లెక్కప్రకారం లీన్వా ఉతికి ఆరేయాలి. కానీ జరిగింది వేరు. వర్తక ఓడల్లో ఒకటి ఫ్రెంచ్‌వాళ్లకి చిక్కింది, ఇంకోటి ఒడ్డుకి కొట్టుకొచ్చి నాశనమైంది, సెంచూరియన్ మాత్రం దెబ్బలు తిని కూడా నిలబడింది, లీన్వా వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

మేం మొదటిసారి ఈ యుద్ధం ఆడినప్పుడు మా పిన్ని కొడుకు లీన్వా. వాడు ఏమీ ఆలోచించకుండా మూడు ఓడల్నీ నేరుగా సెంచూరియన్ మీదకి తోలాడు, గంటలో ముంచేశాడు, ఎగిరి గంతేశాడు. పక్కనే ఉన్న నా ఫ్రెండ్ ఈ యుద్ధం గురించి బాగా చదివినవాడు, "చరిత్రలో ఇలా జరగలేదు కదరా, నీ రూల్సే తప్పు" అన్నాడు. "ఎలా జరిగిందో అలాగే జరగాలంటే ఇంక ఆడటం ఎందుకన్నయ్యా, పుస్తకం చదువుకోవచ్చుగా" అన్నాడు మావాడు. ఇద్దరి మాటా నాకు కరెక్టే అనిపించింది, ఈ వీడియో చేయాలనిపించింది అందుకే.

ఈ ఆట తెలియనివాళ్లకి ఒక్క మాట: ఓడల చిన్న నమూనాల్ని కొలబద్దతో కొలిచి జరుపుతూ, పాచికలు వేసి ఏ గుండు తగిలిందో తేల్చుకుంటూ ఆడే ఆట ఇది. 1898లో ఫ్రెడ్ జేన్ అనే ఇంగ్లీషాయన ఇలాంటి ఆట ఒకటి తెచ్చాడు, అదే ఏడాది ఆ ఆటకి తోడుగా ప్రపంచంలోని యుద్ధనౌకల వివరాలన్నీ పుస్తకంగా వేశాడు. అంటే సరదా, సమాచారం మొదట్నుంచీ కలిసే ఉన్నాయి.

సరే, ముందు అంకెల సంగతి చూద్దాం, ఎందుకంటే గొడవంతా అక్కడే మొదలవుతుంది. 1916లో, మొదటి ప్రపంచయుద్ధంలో, బ్రిటిష్, జర్మన్ నౌకాదళాలు తలపడిన జట్లాండ్ యుద్ధంలో పెద్ద ఫిరంగులు కాల్చిన గుండ్లలో తగిలినవి సుమారుగా నూటికి మూడు. దీన్ని ఉన్నదున్నట్టు ఆటలో పెట్టి ఒక్కో గుండుకీ పాచికలు వేయమంటే సాయంత్రమంతా "తగల్లేదు, తగల్లేదు" అనుకుంటూ కూర్చోవాలి, ఆ తర్వాతి వారం ఎవరూ రారు. అలాగని ఆరు పడితే తగిలినట్టే అంటే ఆరింటికొకటి తగుల్తుంది, అది మరీ ఎక్కువ. కానీ ఒక టర్న్ అంటే మూడు నిమిషాలు అనుకోండి, ఆ మూడు నిమిషాల్లో ఓడ ఓ ముప్పై గుండ్లు కాల్చిందనుకోండి, నూటికి మూడు లెక్కన సగటున ఒకటి తగులుతుంది. ఆ ముప్పై గుండ్లకీ కలిపి ఒక్కసారే పాచికలు వేస్తే చాలు. లెక్క చెడలేదు, ఆట ఆగలేదు. నన్నడిగితే మంచి రూల్స్ రాసేవాళ్ల నేర్పంతా దేన్ని కలిపి లెక్కేయాలో తెలియడంలోనే ఉంది.

[తెర మీద: పెన్ను పక్కన పెట్టిన హుడ్ నమూనా]

దూరాల విషయంలో మాత్రం రాజీ పడక తప్పదు. ఇది బ్రిటిష్ యుద్ధనౌక హుడ్, 1:2400 స్కేల్. అసలు ఓడ 262 మీటర్లు, ఇది 11 సెంటీమీటర్లు, పెన్ను కంటే పొట్టి. 1941 మే 24న డెన్మార్క్ జలసంధిలో ఇది జర్మన్ నౌక బిస్మార్క్ వైపు కాల్పులు మొదలుపెట్టినప్పుడు వాటి మధ్య దూరం దాదాపు 24 కిలోమీటర్లు. అదే స్కేల్లో అది 10 మీటర్లు! హుడ్‌ని మా హాల్లో పెడితే బిస్మార్క్ పెరట్లో ఉండాలి. అందుకే అందరం ఓడల్ని ఒక స్కేల్లో, సముద్రాన్ని ఇంకా చిన్న స్కేల్లో పెట్టుకుంటాం, ఓడ మధ్యలో ఉన్న స్తంభం దగ్గర్నుంచే కొలుస్తాం. చూడటానికి ఓడలు గుద్దుకుంటాయేమో అన్నంత దగ్గరగా కనిపిస్తాయి, ఏం చేస్తాం. తెరచాపల కాలం యుద్ధాలకి ఈ ఇబ్బంది తక్కువ, ఫిరంగులు దగ్గర్నుంచే కాల్చేవాళ్లు కాబట్టి బల్ల సరిపోతుంది.

హుడ్ మాటొచ్చింది కాబట్టి చెప్తాను. కాల్పులు మొదలైన పది నిమిషాల లోపే అది పేలిపోయింది. 1,418 మందిలో బతికింది ముగ్గురు. ఈ నమూనా చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఆ అంకె గుర్తొస్తుంది, గుర్తుండాలి కూడా. ఇప్పుడు ప్రశ్న ఏంటంటే, ఒక్క దెబ్బకి ఓడ పేలిపోయే అవకాశం ఆటలో ఉంచాలా, తీసేయాలా? చాలామంది తీసేస్తారు, ఎక్కడినుంచో ఆడటానికి వచ్చిన మనిషి రెండో టర్న్‌లోనే ఊరికే కూర్చోవాల్సి వస్తే బాధే మరి. నేను మాత్రం ఉంచాలంటాను. హుడ్ డెక్ మీద కవచం పలచన, దూరంనుంచి వచ్చే గుండు నిటారుగా పైనుంచి పడుతుంది, అందుకే హుడ్ మీద ఉండి బ్రిటిష్ ఓడల్ని నడిపిస్తున్న అడ్మిరల్ హాలండ్ త్వరగా దగ్గరకి చేరుకోవాలని తొందరపడ్డాడని చాలామంది చెప్తారు. పేలిపోయే రూల్ తీసేస్తే హుడ్ ఆడేవాడికి ఆ తొందర ఎందుకుంటుంది? దూరంగా నిలబడి తాపీగా కాల్చుకుంటాడు. టెన్షన్ పోయింది, చరిత్రా పోయింది, రెండూ ఒకేసారి.

నాకు అర్థమైంది ఇదే. కవచం ఎన్ని అంగుళాలో అన్నదాని కంటే ఆ కెప్టెన్‌కి ఏం భయం ఉండేది, ఏం కనిపించేది, ఏం కనిపించేది కాదు అన్నది సరిగ్గా రావాలి.

మళ్లీ లీన్వా దగ్గరికే వెళ్దాం. వైజాగ్‌కి ఏడు నెలల ముందు, 1804 ఫిబ్రవరిలో, మలయా తీరం వైపు పులో ఆరా దీవి దగ్గర ఆయనకి చైనానుంచి వస్తున్న వర్తక ఓడల గుంపు ఎదురైంది. అందులో ఈస్టిండియా కంపెనీ పెద్ద ఓడలు పదహారు. వాళ్ల నాయకుడు నథానియెల్ డాన్స్ పారిపోకుండా యుద్ధనౌకల్లా వరస కట్టించి, కొన్నిటి మీద నేవీ జెండాలు ఎగరేయించాడు. లీన్వా నిజంగానే యుద్ధనౌకలు అనుకుని కాసేపు కాల్చి వెనక్కి తగ్గాడు. దీన్ని బల్ల మీద ఎలా ఆడతారు చెప్పండి? నమూనా చూడగానే అది వర్తక ఓడ అని తెలిసిపోతుంది! ఓడల బదులు బోర్లించిన కార్డులు పెట్టాలి, అసలు సంగతి మధ్యవర్తిగా ఉన్న ఒక్కరికే తెలియాలి.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. 1942లో లివర్‌పూల్‌లో కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్, నేవీ మహిళా దళం వాళ్లతో కలిసి, జర్మన్ సబ్‌మెరీన్లని ఎలా ఎదుర్కోవాలో నేలమీద ఆట ఆడించి మరీ అధికారులకి నేర్పించాడు. లినోలియం పరిచిన నేల, సుద్దముక్కలతో ఓడల దారులు, చుట్టూ గుడ్డ తెరలు, వాటికి చిన్న కంతలు. ఆ కంతలోంచి కనిపించినంతే ఆటగాడికి తెలిసేది. ప్రాణాల మీదకొచ్చిన యుద్ధంలో కూడా వాళ్లు పట్టించుకున్నది ఇదీ, ఎవరికి ఎంత కనిపిస్తుంది అన్నది.

[తెర మీద: మళ్లీ ఆరు ఓడలు]

ఇంక వైజాగ్ ఆటని ఎలా మార్చానో చూపిస్తాను. లీన్వాకి ఓడ బాగుచేసుకోవాలంటే ఉన్న స్థావరం మారిషస్, ఇక్కడినుంచి దాదాపు 5,000 కిలోమీటర్లు. మారెంగో స్తంభం ఒకటి విరిగిందా, హిందూ మహాసముద్రంలో ఫ్రాన్స్ బలమంతా కుంటిదైపోయినట్టే. అందుకే సెంచూరియన్‌ని ముంచితే పది పాయింట్లు పెట్టాను, మారెంగో స్తంభం ఒక్కటి పోయినా పన్నెండు పాయింట్లు కోత. ఒడ్డు దగ్గర లోతు ఎంతో ఫ్రెంచ్ ఆటగాడికి చెప్పను, కార్డు తిప్పితేనే తెలుస్తుంది. లిండ్ పడవ చేరేదాకా సెంచూరియన్ కదలడానికి కూడా పాచికలు వేయాలి. మారిన రూల్స్ ఇంతే, కాగితంలో అర పేజీ కూడా లేదు.

మొన్న ఆదివారం మళ్లీ ఆడాం, లీన్వా మళ్లీ మా తమ్ముడే. నాలుగో టర్న్‌కి ఒక వర్తక ఓడ పట్టేసుకున్నాడు. సెంచూరియన్ తెరచాపలు చిరిగి ఒడ్డుకి ఆనుకుని ఉంది, ఇంకో చేతి దూరం వెళ్తే దొరుకుతుంది. వాడు మారెంగో మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. ముందున్న కార్డు వైపు చూశాడు, తన స్తంభాల వైపు చూశాడు, చాయ్ చల్లారిపోతోందని మా అమ్మ కేకేసినా పలకలేదు. చాలాసేపటికి తలెత్తి, "అన్నయ్యా, గాలి ఇప్పుడు ఎటు ఉంది?" అనడిగి, ఓడ ముక్కుని మెల్లగా సముద్రం వైపు తిప్పాడు.