భూమి ఊగితే మెట్ల వైపు పరుగెత్తకండి

అందరికీ నమస్కారం.

తుఫానంటే విశాఖకు భయమూ తెలుసు, పద్ధతీ తెలుసు. కొవ్వొత్తులు, పాల ప్యాకెట్లు ముందురోజే తెచ్చి పెట్టుకుంటాం. భూకంపానికి ఆ ముందురోజు ఉండదు. 2016 నాటి ఐఎస్ 1893 (భూకంపాన్ని తట్టుకునే కట్టడాలకు మన దేశ ప్రమాణం) పటంలో మన ఊరు జోన్ 2లో, అంటే ప్రమాదం తక్కువున్న వరుసలో ఉంది. అయినా 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6.0 తీవ్రతతో భూమి కదిలితే ఇక్కడా తెలిసింది. దూరం నుంచి వచ్చే అలల్లో గబగబా అదిరేవి దారిలోనే అణగిపోతాయి, నెమ్మదిగా ఊగేవి మిగులుతాయి. ఎత్తైన భవనాలు ఆ నెమ్మది ఊపుకే ఎక్కువగా ఊగుతాయి. అందుకే వీధిలో ఉన్నవాళ్లకు పట్టనిది పదో అంతస్తులో కళ్లు తిరిగినట్టుంటుంది.

ఊగుతుండగా మెట్ల మీద పడిపోతారు, బయటికొస్తే పారాపెట్ గోడ మీది పూలకుండీ నెత్తిన పడుతుంది. ఉన్న గదిలోనే కూలబడి, గట్టి బల్ల కింద దూరి, దాని కాలు పట్టుకోండి. మంచం మీదుంటే అక్కడే బోర్లా పడుకొని తలమీద దిండు పెట్టుకోండి. లిఫ్టు జోలికి పోవద్దు. స్టవ్ చేతికందితే కట్టేయండి, అందకపోతే వదిలేయండి.

ఇప్పుడు బీరువా సంగతి. ఆరడుగులు దాటిన ఎత్తు, అడుగున్నర లోతు, పైన సూట్‌కేసులు: బోల్తా పడటానికి ఇంతకన్నా ఏం కావాలి? పైభాగంలో ఎల్ ఆకారంలో ఉండే రెండు ఇనుప క్లాంపులతో గోడకు బిగించండి. స్క్రూ ప్లాస్టరింగులోనే ఆగిపోతే ఒక్క ఊపుకు ఊడొస్తుంది. అది దాటి ఇటుకలోకి రెండంగుళాలైనా దిగాలి, కాంక్రీటు స్తంభం దొరికితే మరీ మంచిది. బీరువా రేకు పలచన, కాబట్టి లోపలివైపు పెద్ద వాషరు వేయాలి. బరువులన్నీ కింది అరకు. మంచం పక్కన నిలబెట్టడం మాత్రం మానేయండి.

ఊపు ఆగాక రెగ్యులేటరు కట్టేయండి. గ్యాస్ వాసనొస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకండి, ఆపడానికైనా సరే. తలుపులు తీసి, చెప్పులు వేసుకొని, మెట్ల మీదుగా దిగండి. గాజుపెంకులు తొక్కి గాయపడేది ఈ దశలోనే. మళ్లీ చిన్న ఊపులు వస్తాయి.

దిగాక పార్కింగులో స్తంభాలు చూడండి. గోడ, స్తంభం కలిసేచోట వెంట్రుకంత గీత మామూలే. స్తంభం మీద ఏటవాలు పగులు, లోపలి ఊచ బయటపడటం మామూలు కాదు. ఇంజనీరు చూసేదాకా ఎవరూ పైకి వెళ్లకూడదు. కింది అంతస్తులో గోడలుండవు కనుక ఊపంతా స్తంభాలే మోస్తాయి. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి, కేంద్రం నుంచి 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాదులో కూలిన అపార్టుమెంట్లలో ఇలాంటివి చాలా ఉన్నాయి. కారు తిరగడం లేదని స్తంభం అంచు చెక్కించే అసోసియేషన్లను ఏమనాలో మీరే చెప్పండి.

బీచ్ రోడ్డు పక్కన ఉండేవారికి ఒక్క మాట. నిలబడలేనంతగా ఊగినా, చాలాసేపు నెమ్మదిగా ఊగినా, సునామీ హెచ్చరిక కోసం ఆగకుండా సిరిపురం వైపు ఎత్తుకు నడవండి. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర ఉదయం ఆరున్నరకు భూమి కదిలితే, అలలు ఆంధ్ర తీరానికి తొమ్మిది ప్రాంతంలో చేరాయి. సముద్రం వెనక్కిపోతే చూడ్డానికి దిగకండి. మొదటి అల పోయాక కూడా ఇంటికి మళ్లకండి, తర్వాతిది ఇంకా పెద్దది కావచ్చు.