ఒక ఫోను, 160 ఫొటోలు

శ్రోతలకు నమస్కారం.

బొమ్మ వేయమంటే మన పిల్లల్లో చాలామంది ఏం వేస్తారో కాగితం చూడకుండానే చెప్పొచ్చు. రెండు కొండలు, వాటి నడుమ సూర్యుడు, కింద ఏరు, గట్టున పూరిల్లు, పక్కన కొబ్బరిచెట్టు. కనుచూపుమేర కొండే లేని ఊళ్లోనూ ఇదే బొమ్మ! పిల్లలకు ఊహ లేక కాదు, ఎవరో ముందే చూపించిన బొమ్మ అక్కడ తిష్ఠ వేసింది. తరగతి గదిలో పెద్ద డిజిటల్ తెర ఉందికదా అని పాఠం మొదట్లోనే వీడియో వేస్తే జరిగేదీ అదే. పిల్లలు అనుకున్నది ముందు రావాలి, తెర తర్వాత వెలగాలి.

అందుకు స్టాప్ మోషన్ మంచి పని. వస్తువును కాస్త జరిపి ఒక ఫొటో, మళ్లీ కాస్త జరిపి ఇంకో ఫొటో. అన్నీ వరుసగా నడిపిస్తే వస్తువు తనంతట తనే కదిలినట్టుంటుంది. సెకనుకు 8 ఫొటోలు చాలు. 20 సెకన్ల సినిమాకు 160. ఒక్కో ఫొటోకు పావు నిమిషం వేసుకున్నా 40 నిమిషాలు పడుతుంది కనుక రెండు పీరియడ్లు కేటాయించండి.

అలసంద గింజ మొలకెత్తడం తీసుకుందాం. మొదటిరోజు ఫోను బయటికి తీయకండి. అయిదుగురేసి జట్టుకు ఒక తెల్లకాగితం ఇచ్చి, ఆరు గడులు గీయించి, మట్టిలో గింజకు ఏమవుతుందో బొమ్మలు వేయమనండి. చాలా జట్లు ఆకునే ముందు బయటికి తెస్తాయి. అప్పుడే తప్పని చెప్పొద్దు. తడిగుడ్డలో మూటకట్టిన అలసందలను రెండుమూడు రోజుల తర్వాత విప్పి చూపిస్తే, ముందు వచ్చేది ఆకు కాదు, వేరు అని వాళ్లే పట్టుకుంటారు, గడులు మార్చుకుంటారు. ఊహకు పరిశీలన అడ్డం కాదు, మేత.

ఇక తయారీ. మట్టికి గోధుమరంగు అట్ట. దానిమీద గింజ అతికించి, దాని అంచున చిన్న చీలిక కోయాలి. వేరు ఆకారంలో కత్తిరించిన కాగితం పట్టీని అట్ట కింద దాచి, చీలికలోంచి ఫొటోకు 2 మిల్లీమీటర్ల చొప్పున బయటికి లాగాలి. సెంటీమీటరు చొప్పున లాగితే మొలక ఎగిరెగిరి పడుతుంది. కథలో పురుగో, పిల్లాడో ఉంటే మన తోలుబొమ్మల్లాగే చేతులు, కాళ్లు విడిగా కత్తిరించి కీళ్ల దగ్గర దారంతో ముడివేయండి.

ఎక్కువ సినిమాలు చెడేది ఫోను దగ్గరే. రెండు బల్లల మధ్య సందు వదిలి, ఫోను కెమెరా కిందికి చూసేలా, సందుకు అడ్డంగా పెట్టిన స్కేళ్లమీద పడుకోబెట్టి టేపుతో బిగించండి. అట్టను ఆ సందు కింద నేలమీద పెట్టండి. ఏరోప్లేన్ మోడ్ పెట్టకపోతే మధ్యలో ఫోన్ కాల్ వచ్చి పని ఆగుతుంది. ఫొటో తీయడానికి తెరను ముట్టుకుంటే ఫోను కదులుతుంది. చాలా ఫోన్లలో వైరున్న ఇయర్‌ఫోను వాల్యూమ్ బటన్ నొక్కినా ఫొటో పడుతుంది, అది వాడండి. తెరమీద వేలు నొక్కిపట్టి ఫోకస్‌ను, వెలుతురును లాక్ చేయాలి. లేకపోతే పిల్లల నీడ పడినప్పుడల్లా బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. కిటికీ వెలుగూ నమ్మదగింది కాదు, ఒక మబ్బు వస్తే చాలు. కిటికీ మూసి ఒకే ఎల్ఈడీ బల్బు వెలిగించండి. ఫొటోలను వరుసగా నడిపించే స్టాప్ మోషన్ యాప్‌లో పాత ఫొటో లీలగా కనిపించే సదుపాయం ఉంటే తెరిచి ఉంచండి, ఎంత జరిపారో తెలుస్తుంది.

జట్టులో ఇద్దరు బొమ్మ జరపాలి, ఒకరు ఫొటో తీయాలి, ఒకరు లెక్క రాయాలి, ఒకరు ఫొటోలో చెయ్యి పడిందేమో చూడాలి. నలభై ఫొటోలకోసారి పనులు మార్చండి. మార్చకపోతే బాగా చదివే పిల్లే ఫోను వదలదు. మిగతా జట్లు అంతసేపూ బొమ్మలు కత్తిరించుకుంటాయి.

మాటలు విడిగా రికార్డు చేయండి. ఫ్యాను ఆపి, ఫోను నోటికి జానెడు దూరంలో ఉంచితే చాలు.

పెద్ద తెరకు ఇప్పుడు పని పడుతుంది. మొదట శబ్దం లేకుండా సినిమా వేసి, గింజ ఏమనుకుంటోందో వేరే జట్టుచేత రాయించండి. ఆ తర్వాతే మాటలతో వేయండి. ‘బాగుంది’ అని ఊరుకోకుండా, మట్టిలో నీళ్లు లేకపోతే ఈ కథ ఎటు తిరిగేదో అడగండి. జవాబులొచ్చాక అవే బొమ్మలతో ఇంకో సినిమా మొదలుపెట్టవచ్చు.