పందినిచ్చి చెట్టు కొట్టు

తమ్ముడు: రికార్డవుతోంది. ఈ వారం రోమన్లు అడవుల్ని ఎలా చూసుకున్నారో...

అక్క: మేడ మీద మొక్క సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోతా.

తమ్ముడు: ఎత్తను. కేటో అనే రోమన్ నాయకుడు క్రీ.పూ. 160 ప్రాంతంలో సేద్యం మీద పుస్తకం రాశాడు. భూముల్ని వరస పెడితే ద్రాక్షతోట ఒకటో స్థానం, కొట్టినా మోడు నుంచి మళ్ళీ చిగురించే కలప అడవి ఏడు.

అక్క: దేవుడి తోపు పలచన చేయాలంటే ముందు పందిని బలివ్వమన్నదీ ఆయనే. 'దేవుడివో దేవతవో, ఈ చోటు ఎవరిదో వారికి' అని మొక్కాలట. ఎవరో తెలియదు, పంది మాత్రం రెడీ! లంచం కాదూ?

తమ్ముడు: అనుమతి అక్కా.

అక్క: కాదనే వీలుంటేనే అనుమతి. పంది తిన్నాక కాదంటాడా?

తమ్ముడు: నరికేయడం కాదు, వెలుతురు పడనివ్వడం. పలచన చేయడానికి కేటో వాడిన లాటిన్ మాటలో ఉన్నదే అది. మట్టి తవ్వాలంటే మళ్ళీ పంది. మధ్యలో పండగొచ్చి పని ఆగితే ఇంకో పంది.

అక్క: అదే అంటున్నా, ప్రతిదానికీ రేటు!

తమ్ముడు: ఖర్చు పెరిగితే గొడ్డలి ఆగుతుంది. ఇటలీలో స్పొలేటో ఊరి పాత శాసనం చూడు. తోపులోంచి ఏదీ తీసుకుపోకూడదు, ఏటా బలి ఇచ్చే రోజున తప్ప నరకకూడదు. తప్పితే ఎద్దుని బలివ్వాలి. కావాలని చేస్తే దానికి తోడు 300 ఆస్సుల, అంటే రోమన్ నాణేల, జరిమానా.

అక్క: ఇది బాగుంది. రాతి మీద రాసుంది, పంది మీద కాదు.

తమ్ముడు: ఇక నా అత్తిమొక్క...

అక్క: వచ్చేసింది!

తమ్ముడు: క్రీ.శ. 183లో రోమ్ దగ్గర డియా దేవత గుడి కప్పు మీద అత్తి మొలిచింది. పీకడానికి ఆ దేవతని కొలిచే ఆర్వల్ పూజారులు బలుల మీద బలులిచ్చారు. దించడానికో దేవత, ముక్కలు చేయడానికో దేవత, కాల్చడానికో దేవత. మన మేడ మీద రావిమొక్క పీకనంటే నవ్వారుగా!

అక్క: నీది భక్తి కాదురా, బద్ధకం.

తమ్ముడు: పోనీలే.

అక్క: నాకు రోమన్ సేనాని ఆంటొనీ మనిషి టురూలియస్ గుర్తొస్తాడు. ఆంటొనీ ఓడల కోసం గ్రీకుల కోస్ దీవిలో వైద్యదేవుడి తోపు కొట్టించాడు. తర్వాత ఆంటొనీ శత్రువు, సీజర్ వారసుడు ఆక్టేవియన్ అతన్ని చంపించాడు.

తమ్ముడు: చెట్ల కోసమా?

అక్క: సీజర్ హంతకుల్లో ఒకడుగా, అందుకు. కానీ చచ్చింది ఆ కోస్‌లోనే. దేవుడు లెక్క తీర్చుకున్నాడనుకున్నారు.

తమ్ముడు: ...అమ్మో.

అక్క: ఇప్పుడు చెప్పు, అనుమతా లంచమా?

తమ్ముడు: కలప అడవి సంగతే చెప్పలేదు మనం. చెస్ట్‌నట్ మోళ్ళు...

అక్క: పైన ట్యాంకు పొంగుతోంది, పో.

తమ్ముడు: పైపు ఆ మొక్క పక్కనే కదా...