మందం ముందు, కొరియర్ తర్వాత: చిన్న వస్తువులు చవకగా పంపడం

హోస్ట్: నమస్తే. చెవిపోగులు, స్టిక్కర్లు, బటన్లు, కీచైన్లు... ఆన్‌లైన్‌లో ఇలాంటివి అమ్మేవాళ్ళందరిదీ ఒకటే గోల. వస్తువు ధర కన్నా దాన్ని పంపే ఖర్చే ఎక్కువవుతోందని. అందుకే మొదటి ప్రశ్న: అన్నిటికన్నా చవకైన సర్వీసు ఏది?

అతిథి: అది చివర్లో అడగాల్సిన ప్రశ్నండీ. ముందు స్కేలు తీసి ప్యాకెట్ మందం చూడండి. పోస్టులో రేటు తరగతిని బట్టి ఉంటుంది, ఆ తరగతి ఏదో చాలాసార్లు మందమే తేలుస్తుంది. దేశాల మధ్య టపాకి, అన్ని దేశాల పోస్టులకీ ఉమ్మడి సంస్థ అయిన యూనివర్సల్ పోస్టల్ యూనియన్ కొలతలు చూడండి. చిన్న ఉత్తరమైతే 5 మిల్లీమీటర్ల మందం, 100 గ్రాములు. పెద్ద కవరైతే 20 మిల్లీమీటర్లు, 500 గ్రాములు. ఆ పైన చిన్న ప్యాకెట్, 2 కిలోల దాకా. దేశం లోపలి టపాకి ఎవరి హద్దులు వాళ్ళవి, కానీ మందం పెరిగేకొద్దీ రేటు మెట్టు ఎక్కడం చాలాచోట్ల ఉంది.

హోస్ట్: అంటే పల్చగా ఉంటే చాలు, విదేశానికి కూడా ఉత్తరం రేటులో వెళ్ళిపోతుందా?

అతిథి: అక్కడే చాలామంది పొరపడతారు. దేశం దాటేటప్పుడు లోపల సరుకు ఉంటే, ఎంత పల్చనిదైనా ఉత్తరంగా తీసుకోని పోస్టులు చాలా ఉన్నాయి. కాగితాలకే ఆ రేటు. సరుకైతే చిన్న ప్యాకెట్ కిందే రాయాలి, కస్టమ్స్ ఫారం అంటించాలి. దేశం లోపల మాత్రం పల్చని సరుకుని కవరులో ఒప్పుకునేచోట్లు ఉన్నాయి. కౌంటర్లో ముందే అడగండి.

హోస్ట్: మందం కచ్చితంగా కొలవడం ఎలా? చేత్తో నొక్కితే ఏదైనా 20 మిల్లీమీటర్లకి దిగుతుంది కదా!

అతిథి: నొక్కకూడదు, అదే కిటుకు. గట్టి అట్టలో హద్దు ఎంతో అంత వెడల్పు సందు కోసి పెట్టుకోండి. ప్యాకెట్ తన బరువుతో తనే జారిపోవాలి. తోస్తేగానీ పోకపోతే అది పై తరగతే.

హోస్ట్: సరే, కీచైన్‌ని మామూలు కాగితం కవర్లో వేసి పంపేస్తే?

అతిథి: ఖాళీ కవరు చేరుతుంది! సార్టింగ్ మెషీన్లో కవర్లు బెల్టుల మధ్య, రోలర్ల చుట్టూ వంగుతూ వేగంగా పోతాయి. కవరు వంగుతుంది, లోపలి లోహం వంగదు. పైగా మెషీన్ వేగానికి ముందుకి జారి, కాగితం అంచు చీల్చుకుని బయటపడుతుంది. అందుకని వస్తువుని రెండు అట్టల మధ్య పెట్టి, కదలకుండా ఒక అట్టకి టేపుతో అంటించండి. కవరుని చెవి దగ్గర పెట్టి ఊపితే చప్పుడు రాకూడదు. అసలు వంగనివాటికి, ఒకచోటే ఉబ్బెత్తుగా ఉండేవాటికి మెషీన్‌లో వేయొద్దనే రకం ఉంటే దాని అదనపు రుసుము కట్టడమే నయం.

హోస్ట్: ఇక బరువు. స్లాబు 50 గ్రాములైతే 51కి కూడా పై స్లాబే కదా?

అతిథి: అవును. అందుకే ఒక్కో గ్రాము చూపించే కాటా కావాలి, వంటింటి కాటా చాలు. టేపు, లేబుల్ అన్నీ అంటించాకే తూచండి. చాలామంది పట్టించుకోనిది బిల్లు కాగితం. 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 80 గ్రాములుండే ఏ4 కాగితం ఒక్కటి 5 గ్రాములు. సగం కాగితం మీద ప్రింట్ చేస్తే రెండున్నర. 48 గ్రాముల ప్యాకెట్‌కి పూర్తి కాగితం పెడితే 53, సగం పెడితే 50న్నర. చూశారా, రెండూ దాటేశాయి! అక్కడ బిల్లు ఈమెయిల్లో పంపడమే దారి, రూలు ఒప్పుకుంటే.

హోస్ట్: కొరియర్‌లో గ్రాముల గొడవ ఇంత ఉండదంటారు.

అతిథి: అక్కడ గొడవ సెంటీమీటర్లది. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తారు, వచ్చేది కిలోల్లో. అసలు బరువు, ఇది, ఏది ఎక్కువైతే దానికే చార్జీ. 150 గ్రాముల వస్తువుని 20, 15, 10 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టారనుకోండి: 3000ని 5000తో భాగిస్తే 600 గ్రాములు. స్లాబు అర కిలో చొప్పున ఉంటే కిలో చార్జీ పడ్డట్టే. అదే 18, 12, 4 పెట్టెలో పెడితే 173 గ్రాములే. అంటే పెద్ద పెట్టెలో మీరు డబ్బు కట్టింది గాలికన్నమాట. ప్లాస్టిక్ సంచీ వాడినా, ఉబ్బిన చోటే కొలుస్తారు, కాబట్టి మూసే ముందు గాలి నొక్కేయండి. తర్వాత బరువు ఎక్కువుందని బిల్లు పెంచితే చూపించడానికి, కాటా మీద ఒకటి, కొలిచే టేపు పక్కన ఒకటి ఫోటో తీసి ఉంచుకోండి.

హోస్ట్: ట్రాకింగ్ లేకుండా పంపడం తప్పా?

అతిథి: లెక్క వేయండి. మళ్ళీ పంపడానికి మీకయ్యే ఖర్చు 100, ట్రాకింగ్ అదనం 20 అనుకుంటే, అయిదింట్లో ఒకటి పోతేగానీ ట్రాకింగ్ గిట్టదు. స్టిక్కర్లకి అనవసరం. కానీ పోస్టు చేసిన రసీదు, అందిందన్న రుజువు ఒకటి కాదు. అందలేదని కొనేవాళ్ళు ఫిర్యాదు చేస్తే అమ్మకపు సైట్లు అడిగేది రెండోదే. అందుకే ఖరీదు ఎంత దాటితే ట్రాకింగ్ పెట్టాలో ముందే గీత గీసుకోండి. విదేశీ టపా ట్రాకింగ్ నంబర్‌లో అక్షరాలూ అంకెలూ కలిపి 13: రెండు ఇంగ్లీషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర రెండక్షరాల దేశం కోడ్. తొమ్మిదో అంకె తనిఖీ అంకె, టైపింగ్‌లో తప్పు పడితే అది పట్టిస్తుంది.

హోస్ట్: కస్టమ్స్ ఫారంలో ఏం రాయాలి?

అతిథి: "గిఫ్ట్" అని మాత్రం రాయకండి, అమ్మిన వస్తువది. "యాక్సెసరీస్" అని ముక్తసరిగా రాసినా ఆపుతారు. "ఇత్తడి చెవిపోగులు, 1 జత" అన్నట్టు, వెళ్ళే దేశానికి అర్థమయ్యే భాషలో రాయండి. 2021 నుంచి సరుకున్న ప్యాకెట్ల వివరాలు ముందే ఎలక్ట్రానిక్‌గా పంపాలన్నది నియమం. చేత్తో రాసిన ఫారం ఒక్కటే సరిపోదు, ఆన్‌లైన్‌లో లేబుల్ తీసుకోండి. లిథియం బ్యాటరీ, పెర్ఫ్యూమ్ ఉంటే వేరే నియమాలు, ముందే అడగాలి.

హోస్ట్: కొత్త ప్యాకింగ్ పనిచేస్తుందో లేదో కస్టమర్ మీదే ప్రయోగం చేయాలా?

అతిథి: వద్దు. ఒకటి మీ అడ్రసుకే పోస్టు చేసుకోండి, ఇంకొకటి దూరంలో ఉన్న తెలిసినవాళ్ళకి. వచ్చాక తెరవకముందే మూలలు చూడండి. మూల నలిగితే అట్ట చిన్నది. మధ్యలో గీత పడి ఉంటే అట్ట పల్చనిది.