సముద్రపు గాలిలో కిటికీ రెక్కలకు ఏ బందులు, ఏ స్క్రూలు?

నమస్కారం. నా చేతిలోని ఈ స్క్రూను కాస్త దగ్గరగా చూడండి. విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరలోనే ఉన్న మా ఇంటి కిటికీ నుంచి దీన్ని మొన్ననే ఊడదీశాను. తల బాగానే కనిపిస్తోంది గానీ, చెక్కలో దిగి ఉన్న భాగం తుప్పు పట్టి అగ్గిపుల్లంత సన్నబడింది, చుట్టూ ఉన్న టేకు కూడా నల్లబడింది. దీనితో బిగించిన ఇత్తడి బందు, అంటే రెక్కను చట్రానికి కలిపే మడతబందు, మాత్రం చెక్కుచెదరలేదు. ఇత్తడికి ఇనుప స్క్రూ బిగిస్తే, ఉప్పు తేమ తగిలినప్పుడల్లా ఆ రెండు లోహాల నడుమ చిన్న బ్యాటరీలో జరిగే చర్యే జరిగి, ఇనుము త్వరగా తినేయబడుతుంది. అందుకే ఈ వీడియోలో బందు అందం కన్నా, దానిలో దిగే స్క్రూ గురించే ఎక్కువగా మాట్లాడతాను.

ముందుగా లోహం సంగతి. దుకాణంలో స్టీలు బందు అడిగితే చాలామంది జేబులోంచి అయస్కాంతం తీసి, అంటుకోకపోతే మంచి సరుకేనని చెబుతారు. ఆ పరీక్షను నేను లెక్కలోకి తీసుకోను, ఎందుకంటే స్టెయిన్‌లెస్ స్టీలులో చవక రకమైన 202 గ్రేడుకు కూడా అయస్కాంతం దాదాపుగా అంటుకోదు. అంతకన్నా మెరుగైన 304 గ్రేడులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316 గ్రేడులో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది కాబట్టి, ఉప్పుగాలి వేసే సన్నటి గుంటలను అది బాగా తట్టుకుంటుంది. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంటికి 316 తీసుకోవాలి, ఊరి లోపలి ఇంటికి 304 చాలు, 202ను మాత్రం వెలుపలి కిటికీకి వాడవద్దనే చెబుతాను. ఏది కొన్నా బిల్లు మీద గ్రేడు రాయించుకోండి.

ఇక బరువు చూద్దాం. అడుగున్నర వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు, 30 మిల్లీమీటర్ల మందం ఉన్న నిండు టేకు రెక్క ఇంచుమించు 11 కిలోలు తూగుతుంది. బయటికి తెరిచినప్పుడు ఆ బరువంతా పై బందును చట్రంలోంచి ఊడలాగుతూ ఉంటుంది. కాబట్టి మూడు బందులు వేయించి, మూడోదాన్ని నట్టనడుమ కాకుండా పైదానికి దగ్గరగా పెట్టించండి. గాలి లెక్క దీనికన్నా భయపెడుతుంది. భారతీయ ప్రమాణాల్లో విశాఖకు నిర్దేశించిన మూల గాలివేగం, అంటే కట్టడాల లెక్కకు మొదట తీసుకునే గాలివేగం, సెకనుకు 50 మీటర్లు. ఆ వేగంలో ఈ ఒక్క రెక్క మీద పడే తోపు 80 కిలోలు దాటుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. అంత తోపును నడుమనున్న ఒక్క గడియ ఆపలేదు, పైన ఒకటి, కింద ఒకటి ఉండి తీరాలి. తెరిచిన రెక్కను పట్టి ఉంచే కొక్కేన్ని మామూలు గాలికే నమ్మాలి, తుఫాను హెచ్చరిక వస్తే రెక్కలు మూసి గడియలు వేయాల్సిందే.

చివరిగా బిగింపు. బందులతో పాటు ప్యాకెట్లో వచ్చే స్క్రూలను పక్కన పెట్టి, స్టీలు బందుకు అదే గ్రేడు స్క్రూలను, ఇత్తడి బందుకు ఇత్తడి స్క్రూలను విడిగా కొనండి. వడ్రంగి మేస్త్రి స్క్రూను సగం దాకా సుత్తితో దిగ్గొట్టి, మిగతాది తిప్పడం మొదలుపెడితే మర్యాదగానే ఆపండి, ఎందుకంటే సుత్తి దెబ్బకు చెక్క నార తెగిపోయి మరలకు పట్టు దొరకదు. ముందుగా సన్నటి రంధ్రం వేయించి, స్క్రూకు కొంచెం కొవ్వొత్తి మైనం రుద్దించండి. ఇత్తడి స్క్రూ మెత్తనిది, గట్టి టేకులో తల తెగే ప్రమాదముంది. అందుకని అదే కొలత ఇనుప స్క్రూను ఒకసారి దింపి, దారి చేసుకుని, దాన్ని తీసేశాక ఇత్తడిది బిగిస్తారు. మా మేస్త్రి ఇదంతా చాదస్తమని నవ్వారు గానీ, రెండో రెక్కకు నేను అడగకుండానే మైనం రుద్దారు.